సత్తమ్మవ్వకు కృతజ్ఞతలు

పశువుల పరిశోధన పత్రికల నా వ్యాసం అచ్చయింది. నేనిచ్చిన దాణా పొడి తిని, సురంగల్ సత్తమ్మవ్వ బర్రెలు పూటకు లీటరు పాలు ఎక్కువిచ్చినయని రాసిన. పత్రిక పట్టుకొని, కాలరెగరేసుకుంట అవ్వ కొట్టంకాడికి పోయిన.

అవ్వ లోపటికెళ్లి నా పొడి డబ్బాలన్నీ తెచ్చి ముందల పెట్టింది. ఒక్కదానికే మూత తీసి ఉన్నది.

"బర్రెలు వాసన చూసే మూతి తిప్పుకున్నయి బిడ్డా. రోజూ పట్నం నుంచి వస్తున్నవ్, నీ ఇజ్జత్ పోవద్దని, పాలు పెరిగేటట్టు నేనే దాణాల పత్తిచెక్క జర ఎక్కువేసిన."

నేను పత్రికను ఎనుకకు దాచుకున్న.

"నా పేరు గూడ రాసినవంట గద. ఏమని రాసినవో తెలుగుల జర చదువు."

చివరి పేజీ తీసి చదివిన. "చెప్పింది చెప్పినట్టు చేసిన సత్తమ్మకు కృతజ్ఞతలు."

అవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు గూడ.