మొరాయి తీరంలో రూపాయి బిళ్ల

కిటికీల్లేని విమానంలో మూడు గంటలు కూర్చుని పుణ్యవతి మొరాయి దీవిలో దిగింది. అక్కడ పడవ నడిపే తమ్ముడు సత్తిరాజు రోజూ వీడియోలో మాట్లాడేవాడు. ఎదురుగా చూసి మాత్రం రెండేళ్లయింది. అదిగో, దూరంగా పడవలోంచి చేయి ఊపుతున్నాడు.

గోదావరి దాటేటప్పటి అలవాటుకొద్దీ ఆమె దండం పెట్టి, నీళ్లలోకి రూపాయి బిళ్ల విసిరింది. అది ఖంగుమని మోగి, అల మీదే దొర్లింది.

గైడు పరిగెత్తుకొచ్చాడు. “వెయ్యకండమ్మా, గాజు తెర పాడవుద్ది.”

“గాజేంటండీ? ఇది సముద్రం కాదా?”

“మీరు హైదరాబాద్ దాటలేదమ్మా. ఏ దీవికి టిక్కెట్టు కొన్నా ఇప్పుడు ఇక్కడికే తెస్తారు. మొరాయి నిరుడే మునిగిపోయింది.”

“మరి మా తమ్ముడు? నిన్న కూడా మాట్లాడాడు కదండీ.”

“అక్కడెవరూ మిగల్లేదమ్మా. వాళ్లందరి బొమ్మల్నీ వాళ్ల గొంతులతోనే మా కంపెనీయే మాట్లాడిస్తోంది.”

పడవ దగ్గరికొచ్చింది. “ఎక్కక్కా, ఏమన్నా తిన్నావా?” అంటూ సత్తిరాజు చేయి చాచాడు.

ఆమె చేయి అందించింది. వేళ్లకు చల్లటి గోడ తగిలింది.