ఊడ్వని తొర్ర

తాటితోపు గోరింకలకు ఒక ఆచారం ఉండేది. పాత తొర్రలో గుడ్లు పెట్టేముందు అడుగుదాకా ఊడ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకునేవి.

తొలిచూలు కోడలు గోరింకకు అంత ఓపిక లేదు.

"ఎలాగూ నా గుడ్లతో నిండేదే కదత్తయ్యా! ఊడుస్తూ కూర్చుంటే వానొచ్చేస్తుంది."

"లోపల ఏముందో చూశావుటే తల్లీ?"

"ఏముంటాయి, పుల్లలు!"

అడుగున ఎవరిదో నిరుటి గుడ్డు ఉండిపోయింది. కోడలు దాని పక్కనే మూడు గుడ్లు పెట్టి, అన్నీ తనవే అనుకుని పొదిగింది. మూడూ పిల్లలయ్యాయి. నాలుగోది పగల్లేదు. దాన్ని వదిలి మేతకు వెళ్లలేక కోడలు అలాగే కూర్చుంది. పిల్లలు ఆకలితో అరిచాయి.

అత్త గబగబా మేత తెచ్చింది. "అది నీది కాదమ్మా, లే!"

"ఇన్నాళ్లూ కడుపుకింద పెట్టుకున్నాక ఎలా లేవను అత్తయ్యా?"

అప్పటికే చిన్నపిల్ల నోరు తెరవడం మానేసింది.