అమ్మకి ఇంకో గొంతు

మౌక్తిక ఇంటికి రావడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ పూజితకి అన్నం సహించడం లేదు.

పూజిత తల్లి అప్పలలక్ష్మికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అయినా ఈ బెంగాలీ మహానగరంలో గార్డెన్ రీచ్ నుంచి టికియాపారా దాకా బధిరుల సంఘం అంటే అప్పలలక్ష్మే. ప్రతి సర్కారీ ఆసుపత్రిలోనూ సైగల భాష తెలిసిన మనిషిని పెట్టాలని ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తోంది. ఆవిడ చేతులు చెప్పేదాన్ని నలుగురికీ వినిపించే గొంతు మాత్రం పూజితది.

మాటలకంటే ముందే ఆ పిల్లకి సైగలు వచ్చాయి. రేషన్ షాపులో, బళ్ళో, ఆసుపత్రిలో, ఎక్కడైనా సరే అమ్మకీ లోకానికీ మధ్య తనే. అందులో తనదో నేర్పు. షాపువాడు "ఈ మూగదానికి ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కుంటే, "కాస్త ఆగమంటున్నాడమ్మా" అని చేతులతో చెప్పేది. చేపలో ముల్లు తీసినట్టు మాటలో ముల్లు తీసి మరీ అమ్మకి అందించేది.

ఇన్నాళ్లకి ఆరోగ్యశాఖ పెద్దలు సంఘాన్ని మాట్లాడటానికి పిలిచారు. తీరా ఆ రోజుకి అమ్మ తన గొంతుగా మౌక్తికని పెట్టుకుంది. హైదరాబాదు పిల్ల. సైగల భాషలో డిప్లొమా చేసింది. బెంగాలీ కూడా గలగలా మాట్లాడుతుంది.

"ఏటే, నీ ఉజ్జోగం ఊడిపోనాదా?" వత్తులు చేసుకుంటూ నవ్వింది నాయనమ్మ సన్యాసమ్మ.

"నీకు వేళాకోళంగా ఉందా నానమ్మా?"

"మరేటి సెయ్యమంటావు? ఆ పిల్ల కాలేజీకెళ్లి సదువుకొచ్చింది. నువ్వేమో మీ యమ్మ కాడ కూరలు తరుగుతా నేర్సుకున్నావు."

సాయంత్రాలు అమ్మా మౌక్తికా లోపలి గదిలో కూర్చుని మీటింగులో ఏం చెప్పాలో సాధన చేసేవారు. పూజిత టీ పట్టుకుని వెళ్తే అమ్మ చేతులు ఠక్కున ఒళ్ళో పడిపోయేవి. అమ్మ తన దగ్గర చేతులు దాచుకోవడం పూజిత ఎప్పుడూ చూడలేదు.

ఒకరోజు మౌక్తిక ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చింది.

"ఏమైంది?"

"ఏం లేదక్కా. కంట్లో నలుసు పడింది."

ఇదో నటన, అనుకుంది పూజిత.

ఇంకోరోజు మధ్యాహ్నం మౌక్తిక చాప మీద కునుకు తీస్తోంది. అమ్మ గబగబా వెళ్ళి భుజం పట్టుకుని కుదిపింది. ఆ పిల్ల లేచి కూర్చున్నాక గాని కదల్లేదు. పూజితకి ఒళ్ళు మండింది. పగలు ఎవరైనా నిద్రపోతే లేపి చూడటం అమ్మ చాదస్తం. దాన్ని చిన్నప్పట్నుంచీ విసుక్కుంటూనే ఉంది పూజిత. కానీ ఆ విసుగు కూడా తన సొంతం. దానికీ వాటా కావాలా ఈ పిల్లకి?

మీటింగు ముందురోజు ఇక ఉండబట్టలేక అమ్మ ఎదురుగా కూర్చుంది.

"నేనేం తప్పు చేశాను?" అని చేతులతోనే అడిగింది.

అమ్మ తల అడ్డంగా ఊపి సైగలతోనే చెప్పింది.

"ఏ తప్పూ లేదు. రేపు నువ్వు కింద, ముందు వరసలో కూర్చో. నా కూతురిలా కూర్చో, చాలు."

పూజితకి ఆ 'చాలు' ఒక్కటే కనపడింది.

సంధ్యవేళ నాయనమ్మ దీపం పెట్టి వెళ్ళాక పూజిత సింహాద్రి అప్పన్న పటం ముందు నిలబడింది. "స్వామీ, రేపు దాని గొంతు ఒక్కసారి తడబడేలా చూడు. కొబ్బరికాయ కొడతాను." మొక్కుకున్నాక సిగ్గేసింది. ఇలాంటివి కూడా ఆయన వింటాడా? విన్నా విననట్టు ఊరుకుంటాడా? పటం పక్కన దండ వేసిన ఫొటోలోంచి నాన్న కూర్మయ్య చూస్తున్నాడు. ఓడరేవులో దెబ్బ తగిలి ఆయన పోయేనాటికి పూజితకి ఆరేళ్లు. ఆ ముఖం తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

మర్నాడు హాలు నిండిపోయింది.

అమ్మ చేతులు కదులుతుంటే మౌక్తిక గొంతు పలుకుతోంది. ఎక్కడా తప్పు పోలేదు. ముల్లు తీయడమూ లేదు. అమ్మ కోపం కోపంగానే వస్తోంది. పూజిత మాత్రం ఆ పిల్ల నోటి వంకే చూస్తూ కూర్చుంది, ఎక్కడ దొరుకుతుందా అని.

పెద్ద ఆఫీసరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "దీదీ, ప్రతి ఆసుపత్రికీ ఒక మనిషంటే మాటలా? మీకు కూతురుందట కదా. ఇన్నేళ్లూ అన్నీ ఆ అమ్మాయే చెప్పిందట. ఇంట్లో వాళ్ళుంటే చాలదా?"

పూజిత నిటారుగా కూర్చుంది. తను అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అది. అదీ నిండు సభలో.

మౌక్తిక ఆ ప్రశ్నని సైగల్లో చెప్పింది. అమ్మ ముందు వరస వైపు, పూజిత వైపు చూసింది. చేతులు మెల్లగా లేచాయి. మౌక్తిక నోరు తెరిచింది. మాట తడబడింది.

అప్పన్న విన్నాడు, అనుకుంది పూజిత.

"ఉంది బాబూ," అమ్మ సైగల వెంట మౌక్తిక మళ్ళీ మొదలుపెట్టింది. "మా ఆయన పోయిన రోజు కూడా ఆసుపత్రిలో నా పక్కన అదే ఉంది. మీ నాన్న ఇక లేడని మీ అమ్మకి చెప్పమని డాక్టరు ఆ ఆరేళ్ల పిల్లకి చెప్పి వెళ్ళిపోతే, అది నాకు 'నాన్న నిద్రపోతున్నాడు' అని చెప్పింది, నేను అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎప్పుడు లేస్తాడా అని చీకటి పడేదాకా కూర్చున్నాను."