చివరి మూడు వంపులు

"అయితే ఇవాళ నా సవతిని చూపిస్తారన్నమాట!"

కొండ మొదట్లో ఆగి, పైకి చూస్తూ అంది భార్య.

ఆయన నవ్వాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు నడిపాడు. రిటైరయ్యాక స్టీరింగు వదిలి పలుగు పట్టాడు. ఆదివారం వస్తే ఇంట్లో ఉండడు. వంటింట్లో కుళాయి కారుతూనే ఉంటుంది. పెరటి తలుపు గొళ్ళెం ఊడి ఏళ్ళయింది. మొగుడు కొండకి, ఇల్లు గాలికి అని ఆమె సణగని వారం లేదు. ఆమె సవతి అన్నది ఆ కొండనే.

కొండెక్కడానికి కాలిబాట వేస్తున్నది జీతం భత్యం లేని ఓ గుంపు. ఇవాళ పైన వాళ్ళ సభ. అందరికంటే ఎక్కువ చెమటోడ్చినవాడికి పతకం ఇస్తారు. అది ఆయనకే.

పతకం మీద ఆయనకు మోజు లేదు. ఉన్న ఆశల్లా ఒక్కటే. ఆమె పైకి రావాలి, అక్కణ్ణుంచి సముద్రం చూడాలి. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ రాళ్ళ మీద పడుతూ లేస్తూ ఎక్కి చూశారు. తర్వాత ఆమె మళ్ళీ ఎక్కలేదు. ఎన్నిసార్లడిగినా ఒకటే మాట.

"దారి పూర్తి కానివ్వండి. ఒకరు లాక్కెళితే రాను. నా అంతట నేను రాగలిగితేనే వస్తా. నా పేరు చెప్పి అక్కడెవర్నీ ఏమీ అడక్కండి."

పంతం పట్టిందంటే అంతే. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంటి సంగతులు కొండ మీద చెప్పుకునే అలవాటు కూడా లేదు. గుంపులో ఎవరూ ఆమెను చూసి ఎరగరు.

గుంపులో ఆయన పేరు నత్త బాబాయ్. నిటారుగా నాలుగడుగుల్లో ఎక్కే చోట కూడా చుట్టూ తిప్పి, ఎక్కుతున్నట్టే తెలియనంత ఏటవాలుగా వేస్తాడు. వాన నీటిని మళ్ళించడానికి దారికి అడ్డంగా దుంగ వేస్తామంటే ఒప్పుకోడు, పక్కనుంచే కాలువ తీస్తాడు. ఇంటి దగ్గర కొలిచి కోసుకొచ్చిన కర్ర ఒకటుంది. దారి ఆ కర్ర కంటే ఇరుకైతే మళ్ళీ తవ్వాల్సిందే.

"ఇది కాలిబాటా, ఘాట్ రోడ్డా బాబాయ్?" అని వెక్కిరించేవాడు గుంపు కార్యదర్శి. ఊళ్ళో పళ్ళ డాక్టరు. ఆదివారం మాత్రం పళ్ళు మానేసి రాళ్ళు పీకుతాడు. "ఇక్కడ నాలుగు మెట్లు వేస్తే పోయేదానికి!"

"మెట్టు మాటెత్తావంటే ఊరుకోను. డ్రైవరు చెయ్యిరా ఇది, వంపు లేకుండా దారి వెయ్యలేదు."

కొండకొమ్ముకు కాస్త కింద చివరి మూడు వంపులూ పూర్తి చేసిన రోజే ఆయనకు జ్వరం తగిలింది. నెలపాటు మంచం దిగలేదు. ఇవాళే మళ్ళీ రావడం.

"మీరు ముందు నడవండి," అంది భార్య. "నా వెనక ఉంటే మీ చెయ్యి ఊరుకోదు."

ఆయన ముందు నడిచాడు. ప్రతి వంపు దగ్గరా వెనక్కి తిరిగి చూశాడు. ఆమె వస్తోంది. మొహమంతా చెమట, ఆ చెమటలోనే నవ్వు. ఆయనకు కడుపు నిండిపోయింది.

ఇంకో మలుపు తిరిగితే చివరి మూడు వంపులు. అక్కడ పళ్ళ డాక్టరు ఎదురొచ్చి ఆయన కళ్ళు మూశాడు. నాలుగడుగులు నడిపించి చేతులు తీశాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

ఎదురుగా రాతి మెట్లు. నున్నగా చెక్కినవి, నిటారుగా కొమ్ము దాకా. మొదటి మెట్టు మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరు.

"మీరు లేవకముందే అయిపోవాలని నెలంతా రాత్రీ పగలూ పడ్డాం. ఇదీ మీకు అసలు బహుమతి!"

"మరి... నా వంపులు?"

"మీరు నేర్పిందే కదా! కొత్త దారి పడితే పాతది ఆనవాలు లేకుండా మూసెయ్యాలని. బండలు దొర్లించాం. మట్టి గుల్ల చేసి ముళ్ళ మొక్కలు నాటాం. మీరే వెతికినా దొరకదు."

నిజమే, ఆయన నేర్పిందే. పాతది వదిలేస్తే జనం రెంటిలోనూ నడుస్తారు, వాన రెంటినీ కోసేస్తుంది. ఎన్ని ఆదివారాలు చెప్పాడో! చెప్పిన పాఠం పొల్లుపోకుండా ఆయనకే అప్పజెప్పారు.

నోరారా తిడదామనుకున్నాడు. ఆ డాక్టరు అరచేతుల నిండా బొబ్బలు. ప్రేమతో గొంతు కోసినవాణ్ణి ఏమని తిట్టాలో ఆయనకు తెలియలేదు.

పైనుంచి చప్పట్లు వినిపించాయి. మైకులో ఆయన్ని పిలుస్తున్నారు.

"పిన్నిగారు వస్తున్నారుగా?" డాక్టరు హుషారుగా అడిగాడు. "మొదటి మెట్టు మీద ఆవిడ చేతే అడుగు వేయిద్దాం!"

మలుపు అవతల గులకరాళ్ళ చప్పుడయింది.

"వచ్చేశానండీ! చూశారా, నా అంతట నేనే వచ్చేశా!"

రొప్పుతూ, నవ్వుతూ మలుపు తిరిగిన ఆమె, ఆయన పేరు చెక్కిన మొదటి మెట్టుకు చక్రాలు తగలగానే, వంగి తన కుర్చీకి బ్రేకు వేసుకుంది.