ముంజేతి మెలిక

"చెయ్యి అలా మెలిపెట్టకు తల్లీ."

గోల్ఫ్ మైదానంలో బంతులేరే పెద్దాయన, బుట్ట కింద పెట్టి మరీ అన్నాడు.

బంతి కొట్టబోతున్న అమ్మాయికి చిర్రెత్తింది. జట్టు ఎంపికకి పదిహేను రోజులే ఉంది. కొత్త పద్ధతిలో కొడితే బంతి ఇరవై గజాలు ఎక్కువ పోతోంది.

"కోచ్ గారే చెప్పారండీ. క్లబ్బు కర్ర బంతికి తగలకముందే ముంజేయి తిప్పెయ్యాలట."

"బంతి వెళ్లాక అదే తిరుగుతుందమ్మా. ముందే తిప్పితే భారమంతా మోచేతి మీద పడుతుంది."

కోచ్ వెనకనుంచి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, పాఠాలు కూడా మీరే చెప్పేస్తారా? మమ్మల్ని వెళ్లి బంతులేరుకోమంటారా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

"అరచేయి పైకి తిరిగితే సుపినేషన్, కిందికి తిరిగితే ప్రొనేషన్. ఈ మాటలు ఎప్పుడైనా విన్నారా?"

"విన్నాను బాబూ" అన్నాడాయన, తల వంచుకుని.

అయినా రోజూ అదే మాట. ఐదో రోజు అమ్మాయి విసిగిపోయి ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చింది. సాయంత్రానికి ఆయన్ని పనిలోంచి తీసేశారు.

వెళ్లేముందు ఆయన ఆమె బుట్టలోని బంతులన్నీ తుడిచి పెట్టాడు.

"నొప్పి మొదలైతే ఆపెయ్ తల్లీ. ఓర్చుకోకు."

ఆమె ఓర్చుకుంది.

ఎంపికకి రెండు రోజులుందనగా మోచేతిలో ఏదో పుటుక్కుమంది. క్లబ్బు చేజారి గడ్డిలో పడింది.

కోచ్‌కి ఫోన్ చేసింది.

"ముందే తిప్పమని నేనెప్పుడన్నాను? నువ్వే ఏదో తప్పుగా కొట్టుంటావ్."

మర్నాడు కోచ్ ఆమె చోట ఇంకో పిల్లని నిలబెట్టి, ముంజేయి అలాగే తిప్పిస్తున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అరచేయి పైకి తిప్పమంది. చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

"ఈ ఏడాదికి ఆట మాట మర్చిపో అమ్మా. మీ మైదానం నుంచి ఇదే దెబ్బతో నా దగ్గరకొచ్చిన మూడో చెయ్యి నీది."

"మా కోచ్‌కి ఈ సంగతి తెలీదా?"

"తెలియకేం! నేనే రెండుసార్లు ఫోన్ చేశాను. ఆ పద్ధతి కనిపెట్టి పుస్తకం రాసిన మాస్టారు కూడా, ఇక నేర్పొద్దు బాబూ అని ఉత్తరం రాశారట."

"ఆ మాస్టారు ఇప్పుడెక్కడున్నారు డాక్టర్?"

డాక్టరమ్మ కట్టు కడుతూ నిట్టూర్చింది.

"సొంత కూతురి చెయ్యే పోయిన దగ్గర్నుంచీ, పాపం, అది నేర్పే మైదానమల్లా వెతుక్కుంటూ వెళ్లి, పిల్లలకి దగ్గర్లో ఉండొచ్చని బంతులేరే పనికి కుదురుతున్నారు."