సగమే మునిగిన మనిషి

బాప్తిస్మపు నీళ్లలో తను సగమే మునిగాడేమోనన్న అనుమానం అతనికి పదకొండేళ్లుగా ఉంది.

అంతకుముందు అతను క్లబ్బులో క్లారినెట్ వాయించేవాడు. ఊరందరికీ ‘బూరాయన’. వాయించిన రాత్రల్లా తాగేవాడు, తాగిన రాత్రల్లా ఇల్లు మరిచిపోయేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన పాస్టరుగారు వరసగా మూడు సాయంత్రాలు, చివరి పాటయ్యేదాకా, క్లబ్బు కిటికీ కింద నిలబడ్డారు. లోపలికి రాలేదు. నాలుగో రోజు అతని ఇంటి తలుపు తట్టారు.

“నా ఒక్కడి కోసం మూడు రోజులు నిలబడ్డారు” అని అతను సాక్ష్యం చెప్పినప్పుడల్లా సంఘంలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

నీళ్లలోంచి లేచిన రోజే అతను క్లారినెట్ పెట్టె తెచ్చి అయ్యగారి చేతిలో పెట్టాడు.

“పారెయ్యడానికి నాకు చేతులు రావండీ. మీరే ఏ ఏట్లోనో పడెయ్యండి.”

“నాకొదిలెయ్. లోకం నుంచి వేరైపోయావు. ఇక వెనక్కి చూడకు” అన్నారు అయ్యగారు.

చూడలేదు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరాడు. పాత స్నేహితులు ఎదురైతే వీధి దాటి అవతలికి పోయేవాడు. డ్రమ్ము వాయించేవాడు ఒకసారి అటు నుంచే కేకేశాడు.

“ఏరా, పరలోకంలో బూరలుంటాయట కదా. అక్కడ నువ్వొక్కడివీ చప్పట్లు కొడతావా?”

అతను నవ్వలేదు. కానీ నాలుకతో కింది పెదవి తడుపుకున్నాడు. పాత అలవాటు. క్లారినెట్‌కి నోటి దగ్గర సన్నటి బద్ద ఉంటుంది, రీడు అంటారు. తడిస్తేనే పలుకుతుంది. ఊదడం ఆపితే గంటలో ఎండి చెక్కయిపోతుంది.

మూడో నెలలో మొదలైంది. తెల్లవారుజామున ఐదింటికి, ఎక్కడి నుంచో క్లారినెట్. క్లబ్బులో అన్నిటికంటే చివర తను వాయించే పాటే. భార్యది ఆసుపత్రి లాండ్రీలో పని, నాలుగింటికే వెళ్లిపోతుంది. ఇంటికి ఒక పక్క చర్చి ప్రహరీ. మిగతా పక్కలన్నీ తాళాలేసిన గోదాములు. వీధిలోకి పరిగెత్తి చూస్తే పిల్లి కూడా లేదు.

భార్యకి చెప్తే నుదురు ముట్టుకుని చూసింది.

“జ్వరం లేదు. మనసులోది చెవిలోకి వచ్చుంటుంది. అయ్యగారికి చెప్పు.”

చెప్పాడు. అయ్యగారు బల్ల మీద వేలితో గీతలు గీశారు.

“ఇంకెవరికీ చెప్పకు. విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారు. ప్రార్థన చేద్దాం.”

“దాన్ని ఏ రేవులో పడేశారండీ?”

“తెలిస్తే వెతకబుద్ధవుతుంది. ఆ జవాబు నీకు బాకీ ఉంటాను. ఒకరోజు తీరుస్తాలే.”

మొదటి ఏడాది ఆ పాట తడబడుతూ వచ్చేది. ఏడాదికేడాది తేటపడింది. ఐదో ఏటికి తను వాయించినదానికంటే బాగుంది. తనలో చచ్చిపోవాల్సిన పాత మనిషి రోజురోజుకీ బలుస్తున్నాడని అతనికి అర్థమైంది. అందుకే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో పాలుపంచుకోవడం మానేశాడు. రొట్టె పళ్లెం తన వరసకి వస్తే తలదించుకునేవాడు. పళ్లెం పట్టుకున్న అయ్యగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లేది. ఎందుకు తీసుకోవని ఆయన ఒక్కసారీ మందలించలేదు.

ఏటా వేసవిలో అయ్యగారు వారం రోజులు పొరుగూళ్ల సువార్త కూటాలకు వెళ్లేవారు. ఆయన కోసం అతను ఆ వారమంతా ఉపవాసముండేవాడు. ఆ ఏడు రోజులూ పాట వినిపించేది కాదు. ఎనిమిదో రోజు మళ్లీ మామూలే.

“అయితే ఏడాదంతా ఉపవాసముండు. పాటా పోతుంది, తిండి ఖర్చూ కలిసొస్తుంది” అంది భార్య.

నవ్వించాలనే అంది. అతను మాత్రం నిజంగానే ఆలోచించాడు. చిక్కి సగమయ్యాడు.

ఆ ఆదివారం కూడా ఐదింటికి పాట మొదలైంది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. పల్లవి అయింది. రెండో చరణం మధ్యలో, బాగా పైకెళ్లిన స్వరం మీద, పాట ఠక్కున తెగిపోయింది.

పదకొండేళ్లలో ఎప్పుడూ అలా తెగలేదు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. గోడ గడియారం తప్ప ఏమీ లేదు.

చచ్చాడు, అనుకున్నాడు. పాత మనిషి ఇన్నాళ్లకు చచ్చాడు.

ముఖం కడుక్కుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఈరోజు రొట్టె ముట్టుకోవచ్చు. ఆ మాట ముందు అయ్యగారితోనే చెప్పాలి. ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్లేసరికి పాస్టరుగారి ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మగారు గడప మీద కూర్చుని ఉన్నారు.

“అయ్యగారు లేచారా అమ్మా? మంచి కబురు తెచ్చాను.”

“ఇక లేవరు నాయనా.” ఆవిడ గొంతులో తడి లేదు. “ఏకాంత ప్రార్థనకని రోజూ చర్చి వెనక గదికి వెళ్తారుగా. అక్కడే కూలిపోయారు. నేను వెళ్లేసరికే ఊపిరి లేదు.”

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

అమ్మగారు కొంగు చాటు నుంచి చిన్న నల్ల పెట్టె తీసి అతని ఒళ్లో పెట్టారు.

“జనం రాకముందే పట్టుకెళ్లు. నీకేదో బాకీ ఉన్నానని ఎప్పుడూ అంటుండేవారు.”

మూత మీది గీతలు చూడగానే పెట్టెని పోల్చుకున్నాడు. అయితే ఏట్లో పడెయ్యలేదన్నమాట. తెరిచాడు. లోపల ముక్కలు హడావుడిగా సర్దినట్టున్నాయి. పాత అలవాటు కొద్దీ రీడు మీద వేలు ఆనించాడు.

అది ఇంకా తడిగానే ఉంది.