ఒకరోజు ఆరాల్సిన అద్దం

నేను షాపుకి వెళ్లేది పెళ్లిచూపులు తప్పించుకోవడానికని అమ్మ నమ్మకం. ఇంట్లో పొద్దుపోక వస్తున్నానని నాన్న అనుకుంటాడు. ఆ పని నాకిష్టమన్న సంగతి ఇద్దరికీ తోచదు.

మాది కార్ల సీట్లు, టాపులు కుట్టే షాపు. నిన్న బటన్ నొక్కితే వెనక్కి మడుచుకునే గుడ్డ టాపు కారొకటి వచ్చింది. వెనక అద్దం గుడ్డ నుంచి ఊడి, వాన నీళ్లన్నీ సీట్లోకి దిగుతున్నాయి. పాత జిగురు గీకి, అంచులు తుడిచి, కొత్త జిగురుతో అద్దం అతికించాను. ఒకరోజంతా టాపు మడవకూడదని అన్నయ్యకి రెండుసార్లు చెప్పాను.

ఈ పొద్దున్నే కారు చూసుకోవడానికి దాని ఓనరు డాక్టరమ్మ వచ్చింది.

"మా అబ్బాయి చేశాడండీ. వాడు చెయ్యి పెట్టాడంటే ఇక తిరుగుండదు," అన్నాడు నాన్న.

ఆమె మెచ్చుకునేసరికి అన్నయ్య ఉబ్బిపోయాడు. "ఎంత నున్నగా మడుచుకుంటుందో చూడండి మేడం!" అంటూ బటన్ మీద వేలు పెట్టాడు.

"అన్నయ్యా, ఆగరా! ఇంకా ఆరలేదు!"

"నువ్వూరుకోవే, పెద్ద ఇంజనీరమ్మా!"

బటన్ నొక్కేశాడు. టాపు సగం మడుచుకునేసరికి అద్దం ఊడి వెనక సీట్లో పడింది.

నాన్న ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నిజానికి ఇది మా అమ్మాయి చేసిందండీ. చిన్నపిల్ల, తెలీదు."

రెండేళ్లుగా ఈ షాపులో ప్రతి అద్దమూ నేనే అతికించాను. అది నా పని అని నాన్న నోటివెంట రావడం ఇదే మొదటిసారి.

"అవునండీ, నేనే చేశాను," అన్నాను డాక్టరమ్మతో. "సాయంత్రం మీ ఇంటికొచ్చి మళ్లీ అతికిస్తాను. ఈ షాపులో మాత్రం ఇక పనిచెయ్యను."